కెర్నల్ పడిపోయాక: మరణ వాంగ్మూలం చాలా, పోస్టుమార్టం కావాలా?

రాత్రి రెండున్నరకు కడప నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. అక్కడ ఒక డయాగ్నస్టిక్ సెంటర్ రిపోర్టుల సర్వర్ నేను చూస్తుంటాను, ఉండేది మాత్రం అనంతపురంలో. ఫోటో తీసింది వాచ్‌మన్. నల్లటి మానిటర్ మీద తెల్ల అక్షరాలు, నడిమధ్యలో ఫ్లాష్ వెలుగు పడి సగం కనిపించవు. అడుగున చివరి లైను ఒక్కటే స్పష్టంగా ఉంది: కెర్నల్ పానిక్, నాట్ సింకింగ్. అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ ఇక నడవలేక ఆగిపోయింది. ఏ ఫంక్షన్‌లో పడిందో చెప్పే లైను అప్పటికే పైకి జరిగి స్క్రీన్ దాటిపోయింది. నేను ఫోన్ చేసేలోపు ఆయన చేయాల్సింది చేసేశాడు.

"ఏందో ఇంగ్లీషు వచ్చి నిలబడిపాయ సార్. స్విచ్ ఆపి మళ్లీ వేసినా. ఇప్పుడు బాగుంది."

బాగానే ఉంది, తొమ్మిదో రోజు మళ్లీ పడేదాకా.

లైనక్స్‌లో కెర్నల్ పడిపోయినప్పుడు మెమరీలో ఉన్నదాన్ని దాచి తర్వాత చదువుకోడానికి నాలుగైదు దారులున్నాయి. వాటిలో ఏది "బెస్ట్" అని వెతికితే అందరూ కెడంప్ (పడిపోయిన కెర్నల్ మెమరీని ఫైలుగా కాపీ చేసే పద్ధతి) అనే చెప్తారు. నా లెక్క వేరు. మెషిన్ పడ్డ మొదటి రెండు నిమిషాల్లో దాని పక్కన ఎవరుంటారు, కరెంటు ఉంటుందా, వాళ్ల చెయ్యి స్విచ్ మీదికి పోతుందా అన్నది ముందు చూసుకోవాలి. ఎంత లోతుగా చదవగలం అన్నది ఆ తర్వాతి సంగతి.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

మెషిన్ మళ్లీ ఎలా లేస్తుంది? అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. తనంతట తాను రీబూట్ అయితే ర్యామ్‌కు కరెంటు ఆగదు కాబట్టి అందులోది చాలావరకు నిలబడే అవకాశం ఉంది. స్విచ్ ఆపి వేస్తే ఆ అవకాశం పోయినట్టే. ర్యామ్‌లో ఒక్కో బిట్టు ఒక చిన్న కెపాసిటర్‌లోని ఛార్జ్. మామూలుగా 64 మిల్లీసెకన్లకు ఒకసారి దాన్ని తిరిగి నింపుతూ ఉండాలి. నింపడం ఆపినా వెంటనే చెరిగిపోదు, మామూలు గది వేడిలో కొన్ని సెకన్లు నిలుస్తుంది. 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు చిప్పులను బాగా చల్లబరిచి నిమిషాల తరబడి డేటా నిలుస్తుందని చూపించారు. మనకు జరిగేది దానికి తిరగేసిన వ్యవహారం. కర్నూలులో మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో, మూసిన క్యాబినెట్‌లో ఉన్న ర్యామ్ మీద ఆ నమ్మకం పెట్టుకోకండి.

మెమరీ కాపీకి పెట్టిన "కోర్ డంప్" అన్న పేరులోని కోర్ వెనకటి మాగ్నెటిక్ కోర్ మెమరీ. అయస్కాంతపు రింగులు కాబట్టి కరెంటు పోయినా అందులోది అలాగే ఉండేది. పేరు మిగిలింది, ఆ సుఖం పోయింది.

అసలు పానిక్ అవుతుందా, ఊరికే బిగుసుకుపోతుందా? పానిక్ కాకపోతే కింద చెప్పే పద్ధతుల్లో ఎక్కువ భాగం మేలుకోవు. సర్వర్ ఉలుకూ పలుకూ లేకుండా ఆగిపోయే రకమైతే, హార్డ్‌లాకప్, సాఫ్ట్‌లాకప్ (ప్రాసెసర్ ఒకే చోట ఇరుక్కుపోవడం) దొరికినప్పుడు పానిక్ చేయమని సిస్‌సీటీఎల్ అనే కెర్నల్ సెట్టింగుల్లో చెప్పాలి. ఊప్స్, అంటే కెర్నల్ లోపలి తప్పు, వచ్చినప్పుడు పానిక్ చేసే పానిక్ ఆన్ ఊప్స్ కూడా ఆన్ చేయాలి. లేకపోతే కెర్నల్ దెబ్బ తగిలించుకుని కుంటుకుంటూ నడుస్తుంది, గంట తర్వాత వేరే చోట పడుతుంది, మనం ఆ వేరే చోటే తవ్వుతూ కూర్చుంటాం.

ఎంతసేపు ఆగగలరు? 64 జీబీ ర్యామ్ మొత్తాన్ని సెకనుకు 100 ఎంబీ రాసే డిస్క్‌లోకి దించితే దాదాపు పదకొండు నిమిషాలు. క్యూలో పేషెంట్లు నిలబడి ఉన్నప్పుడు అది చాలా ఎక్కువ. కాలేజీ ల్యాబ్ సర్వర్‌కైతే లెక్కే కాదు.

ఆ డంప్‌లో ఎవరి డేటా ఉంది, దాన్ని ఎవరికి పంపుతారు? పూర్తి మెమరీ అంటే పాస్‌వర్డ్‌లు, కీలు, తెరిచి ఉన్న రిపోర్టులు, అన్నీ. దాన్ని వెండర్‌కు మెయిల్ చేయడమంటే బీరువా తాళాలు కొరియర్‌లో పంపినట్టే.

చదివేది ఎవరు? మీ దగ్గర చదివేవాళ్లు లేకుండా 20 జీబీ ఫైలు దాచుకుంటే డిస్క్ నిండడం తప్ప ఒరిగేదేమీ లేదు.

## ఒక్క చూపులో

ఈ పేర్ల సంగతి కింద వరసగా చెప్తాను.

| పద్ధతి | మిగిలేది | స్విచ్ ఆపేస్తే | ముందే పెట్టాల్సిన ఖర్చు |
|---|---|---|---|
| పీస్టోర్, ఈఎఫ్ఐ లేదా ఈఆర్‌ఎస్‌టీ | చివరి లాగ్, కొన్ని కేబీలు | ఉంటుంది | దాదాపు ఏమీ లేదు |
| ర్యామ్‌ఊప్స్ | లాగ్, కన్సోల్ | పోతుంది | కాస్త ర్యామ్, బూట్‌లోడర్ సహకారం |
| కెడంప్ | కెర్నల్ మెమరీ మొత్తం | రాయడం పూర్తయితే ఉంటుంది | 200–500 ఎంబీ ర్యామ్, డిస్క్, రిహార్సల్ |
| నెట్‌కన్సోల్ | లాగ్ మాత్రమే | అవతలి మెషిన్‌లో ఉంటుంది | ఇంకో మెషిన్, వైరు నెట్‌వర్క్ |
| హోస్ట్ నుంచి వీఎం డంప్ | గెస్ట్ మెమరీ మొత్తం | హోస్ట్ బతికుంటే ఉంటుంది | హోస్ట్ మీద అధికారం |

## పీస్టోర్: మరణ వాంగ్మూలం

పానిక్ వచ్చిన క్షణంలో కెర్నల్ తన లాగ్‌లోని చివరి భాగాన్ని తీసి, రీబూట్‌ను తట్టుకునే చోట రాసిపెడుతుంది. ఆ చోటు ఈఎఫ్ఐ (మెషిన్‌ను బూట్ చేసే బోర్డు ఫర్మ్‌వేర్) వేరియబుళ్లు కావచ్చు, సర్వర్ బోర్డుల్లో ఏసీపీఐ అనే ఫర్మ్‌వేర్ ఏర్పాటు ఇచ్చే ఈఆర్‌ఎస్‌టీ అనే ఎర్రర్ నిల్వ కావచ్చు. రెండూ కరెంటు పోయినా చెరగని నిల్వలు. కాబట్టి మా వాచ్‌మన్ స్విచ్ ఆపినా ఇబ్బంది లేదు, రాయడానికి పట్టే కొద్ది సెకన్లు వదిలితే చాలు.

మళ్లీ బూట్ అయ్యాక సిస్‌ఎఫ్ఎస్ కింద పీస్టోర్ ఫోల్డర్‌లో ఆ ముక్కలు కనిపిస్తాయి. సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను నడిపించేది) ఉన్న చోట సిస్టమ్‌డీ పీస్టోర్ సర్వీస్ వాటిని డిస్క్ మీదికి జరిపి అసలు నిల్వను ఖాళీ చేస్తుంది. చేత్తో చదివితే ఒక మెలిక ఉంది: ఈఎఫ్ఐలో ఒక్కో ముక్క చాలా చిన్నది, పార్ట్ 1 అని ఉన్నదే అన్నిటికంటే చివరి మాట. వెనక నుంచి ముందుకు చదవాలి. నేను మొదటిసారి తలకిందులుగా చదివి అరగంట బుర్ర గోక్కున్నాను.

డిఫాల్ట్‌గా దాచేది చివరి పది కేబీల దాకా. చిన్నదే కానీ అందులో పడిన ఫంక్షన్, రిజిస్టర్లు, కాల్ ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందన్న వరస), లోడ్ అయిన మాడ్యూళ్ల పేర్లు ఉంటాయి. పదిలో ఏడెనిమిది సార్లు నాకు అంతకంటే అవసరం రాలేదు.

జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. ఆ ఈఎఫ్ఐ నిల్వ చిన్నది, బోర్డు సెట్టింగులు ఉండేదీ అందులోనే. 2013 ప్రాంతంలో కొన్ని ల్యాప్‌టాప్‌లు ఆ నిల్వ నిండిపోయి మళ్లీ బూటే కాలేదు. ఆ తర్వాత నుంచి కెర్నల్ చివరి 5 కేబీ జోలికి పోకుండా ఆగుతుంది. కొన్ని డిస్ట్రోలు ఈఎఫ్ఐ పీస్టోర్‌ను ఆఫ్ చేసి ఇస్తాయి, మీరే ఆన్ చేసుకోవాలి. రోజుకు నాలుగుసార్లు పడే టెస్ట్ మెషిన్‌కు దీన్ని వాడకండి.

దీంతోపాటు తప్పకుండా చేయాల్సింది పానిక్ అనే బూట్ పరామీటర్. డిఫాల్ట్ విలువ సున్నా, అంటే పడిన చోటే నిలబడిపోతుంది, ఎవరో వచ్చి స్విచ్ ఆపేదాకా. 30 అని ఇస్తే ముప్పై సెకన్ల తర్వాత తనే రీబూట్ అవుతుంది.

## ర్యామ్‌ఊప్స్: ఎండలో పెట్టెలకు

ఇదీ పీస్టోర్ కుటుంబమే. రాసేది మాత్రం ర్యామ్‌లోనే పక్కన పెట్టిన ఒక చిన్న భాగంలో. ఆండ్రాయిడ్ ఫోన్లు రీబూట్ అయ్యాక పాత లాగ్ చూపించేది ఎక్కువగా దీంతోనే. ఏఆర్‌ఎం బోర్డుల్లో డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్ వివరాల జాబితాలో) ఆ మెమరీని రిజర్వ్ చేస్తారు. పీసీల్లో కూడా 2024లో వచ్చిన రిజర్వ్ మెమ్ పరామీటర్‌తో ఆ పని కొంత తేలికైంది, అయినా ఫర్మ్‌వేర్ మధ్యలో ఆ చోటును తుడిచేయదన్న గ్యారంటీ లేదు.

కర్నూలు, నంద్యాల జిల్లాల్లో గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అలాంటి చోట్ల ప్యానెళ్ల మధ్య చిన్న డబ్బాలో డేటా లాగర్ పెట్టే పని మీదైతే మీకు ఇదే దారి. మనిషి దగ్గర ఉండడు, డిస్క్ ఉండదు, 512 ఎంబీ ర్యామ్‌లో కెడంప్‌కు చోటు దొరకదు. మెషిన్ పలకకపోతే రీసెట్ చేసే వాచ్‌డాగ్ టైమర్ తట్టి లేపితే అది వార్మ్ రీసెట్, అంటే కరెంటు ఆగని రీబూట్, మెమరీ నిలబడుతుంది. బూట్‌లోడర్ ర్యామ్‌ను శుభ్రం చేయకుండా చూసుకోండి, ఈసీసీ ఆప్షన్ ఆన్ చేయండి. వేడికి ఒకటి రెండు బిట్లు తారుమారైనా లాగ్ చదవగలిగేలా అది సరిచేస్తుంది.

## కెడంప్: పూర్తి పోస్టుమార్టం

ఆలోచన చాలా తెలివైనది. చనిపోతున్న కెర్నల్‌ను డిస్క్‌కు రాయమనడం ప్రమాదం, దాని డ్రైవర్లే చెడిపోయి ఉండొచ్చు. అందుకే మొదట్లోనే కొంత ర్యామ్ పక్కన పెట్టి అందులో ఇంకో చిన్న కెర్నల్‌ను సిద్ధంగా ఉంచుతారు. పానిక్ రాగానే కెఎగ్జెక్ అనే విధానంతో, బయోస్ ముఖం చూడకుండా, ఆ రెండో కెర్నల్‌లోకి దూకుతుంది. పాత కెర్నల్ మెమరీ మొత్తం ప్రాక్ కింద వీఎంకోర్ అనే ఫైలుగా దానికి కనిపిస్తుంది. దాన్ని కాపీ చేసి రీబూట్ అవుతుంది. కెఎగ్జెక్ లైనక్స్‌లోకి 2005లో 2.6.13తో వచ్చింది.

రిజర్వ్ ఎంత? రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 9లో ఎక్స్86 మెషిన్లకు డిఫాల్ట్: 4 జీబీ లోపు 192 ఎంబీ, 64 జీబీ లోపు 256, ఆ పైన 512. తక్కువ ఇస్తే రెండో కెర్నల్ మెమరీ చాలక తనే పడిపోతుంది. పోస్టుమార్టం చేయడానికి వచ్చిన డాక్టరు బల్ల పక్కనే స్పృహ తప్పినట్టు. డిస్క్ లక్స్ అనే లైనక్స్ ఎన్‌క్రిప్షన్‌తో ఉంటే ఇది ఇంకా కష్టం. తాళం తీయడానికే చాలా మెమరీ కావాలి, పైగా పాస్‌ఫ్రేజ్ కొట్టే మనిషి అర్ధరాత్రి ఉండడు. అలాంటి చోట ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా ఇంకో మెషిన్‌కు పంపడం నయం.

సైజు గురించి భయపడేవాళ్లకు డంప్‌ను కుదించే మేక్‌డంప్‌ఫైల్ ఉంది. డంప్ లెవెల్ 31 అంటే సున్నాలతో నిండిన పేజీలు, రెండు రకాల క్యాష్ పేజీలు, యూజర్ డేటా, ఖాళీ పేజీలు, ఈ ఐదూ వదిలేస్తుంది. మా 16 జీబీ సర్వర్‌కు ఫైలు 400 ఎంబీ దాటలేదు. పేషెంట్ల వివరాల గొడవ కూడా దీంతో చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా కాదు, కెర్నల్ సొంత మెమరీలో కీలు మిగిలే ఉంటాయి.

కెడంప్ విఫలమయ్యేది ఎక్కువగా మూడు చోట్ల. హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ ఆన్‌లో ఉండి డంప్ సగంలో ఉండగానే మెషిన్‌ను రీసెట్ చేస్తుంది. డిస్క్ కంట్రోలర్ పాత కెర్నల్ వదిలిన స్థితిలో బిగుసుకుని రెండో కెర్నల్ మాట వినదు. మూడోది మనిషి: స్క్రీన్ మీద అక్షరాలు పరుగెత్తడం చూసి స్విచ్ ఆపేస్తాడు.

అందుకే రిహార్సల్ లేని కెడంప్‌ను నేను కెడంప్‌గా లెక్కపెట్టను. ఆదివారం ఉదయం, బ్యాకప్ అయ్యాక, సింక్ కొట్టి, కెర్నల్‌కు నేరుగా ఆదేశమిచ్చే సిస్‌రిక్యూ ట్రిగ్గర్‌లోకి సి అనే అక్షరం పంపండి. మెషిన్ అప్పటికప్పుడు పడుతుంది. వార్ కింద క్రాష్ ఫోల్డర్‌లో ఫైలు వచ్చిందా, ఎంతసేపు పట్టింది, చూడండి. ఈ పని చేయకుండా సర్వీస్ ఆన్ చేసి వదిలేస్తే దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టే ఉంటుంది.

### రెండూ పెట్టుకుంటే?

పీస్టోర్, కెడంప్ రెండూ ఆన్ చేశాను, ఇక ఢోకా లేదు అనుకుంటారు. డిఫాల్ట్‌గా అలా జరగదు. డంప్ కెర్నల్ లోడ్ అయి ఉంటే పానిక్‌లో ముందు దూకుడే, పీస్టోర్‌కు రాసే వంతు ఆ తర్వాత. దూకాక ఆ వంతు రాదు. కెడంప్ విఫలమైతే చేతిలో రెండూ ఉండవు.

క్రాష్ కెఎగ్జెక్ పోస్ట్ నోటిఫయర్స్ అనే పరామీటర్ ఇస్తే వరస మారుతుంది: ముందు వాంగ్మూలం, తర్వాత పోస్టుమార్టం. దీనికీ ధర ఉంది. దెబ్బతిన్న కెర్నల్‌తో ఇంకొంచెం పని చేయిస్తున్నాం, ఆ కొంచెంలోనే బిగుసుకుపోతే డంప్ దక్కదు. మనుషులు దగ్గర లేని చిన్న సర్వర్లకు నేను ఈ పరామీటర్ ఇస్తాను. కెడంప్ ఇప్పటికే పదిసార్లు సరిగ్గా పనిచేసిన పెద్ద సర్వర్ల జోలికి పోను.

## నెట్‌కన్సోల్, సీరియల్

ఇవి మెమరీని దాచవు, చనిపోయేవాడి మాటలు పక్కింటివాడికి వినిపిస్తాయి. నెట్‌కన్సోల్ లాగ్‌ను యూడీపీ ప్యాకెట్లుగా ఇంకో మెషిన్‌కు పంపుతుంది, డిఫాల్ట్ పోర్ట్ 6666. ఎన్‌క్రిప్షన్ లేదు, వైఫైలో నమ్మొద్దు. ఇంకోటి, మా వైపు చాలా ఆఫీసుల్లో సర్వర్ యూపీఎస్ మీద ఉంటుంది, నెట్‌వర్క్ స్విచ్ మాత్రం గోడ ప్లగ్‌లో ఉంటుంది. కరెంటు పోయిన క్షణంలోనే సర్వర్ పడితే వినేవాడు లేడు. సీరియల్ పోర్ట్ ఉంటే అదే నయం, దానికి నెట్‌వర్క్ డ్రైవర్ అవసరం లేదు. ఐపీఎంఐ (దూరం నుంచి సర్వర్‌ను చూసుకునే ఏర్పాటు) ఉన్న సర్వర్‌లో సీరియల్ ఓవర్ లాన్ వాడి ఇంటి నుంచే చూడొచ్చు.

## వర్చువల్ మెషిన్ అయితే

హోస్ట్ (వర్చువల్ మెషిన్లను నడిపే అసలు మెషిన్) మీ చేతిలో ఉంటే ఇంకేమీ ఆలోచించకండి. విర్ష్ డంప్ అనే ఆదేశాన్ని మెమరీ ఓన్లీ ఆప్షన్‌తో నడిపితే గెస్ట్ (లోపలి వర్చువల్ మెషిన్) మెమరీ బయట నుంచి వచ్చేస్తుంది. గెస్ట్ పానిక్ కాకుండా ఊరికే బిగుసుకున్నా పనిచేస్తుంది, పైవాటిలో దేనికీ లేని సుగుణం ఇది. అద్దె క్లౌడ్‌లో హోస్ట్ మీది కాదు కాబట్టి లోపల కెడంపే గతి. అమెజాన్ ఈసీ2 లాంటి చోట డయాగ్నస్టిక్ ఇంటరప్ట్ పంపి బిగుసుకున్న గెస్ట్‌ను బలవంతంగా పానిక్ చేయించొచ్చు. దానికి అన్‌నోన్ ఎన్‌ఎంఐ పానిక్ అనే సెట్టింగ్ ముందే ఆన్‌లో ఉండాలి.

విండోస్ వాళ్లకు ఒక్క మాట. అక్కడ డంప్ ముందు పేజ్‌ఫైల్‌లోకి రాసి, తర్వాతి బూట్‌లో ఫైలుగా మారుతుంది. స్పీడ్ కోసమని ఎవరో పేజ్‌ఫైల్ తీసేసి ఉంటే బ్లూ స్క్రీన్ ఎన్నిసార్లు వచ్చినా చేతికి ఫైలు రాదు. ముందు అది చూడండి.

## చదవడానికి ఏది?

వీఎంకోర్ చేతికొచ్చాక మూడు పనిముట్లు. క్రాష్ అనేది రెడ్ హ్యాట్‌లో పెరిగిన పాత కాపు. బీటీ కొడితే కాల్ ట్రేస్, లాగ్ కొడితే డీమెసేజ్, పీఎస్, స్ట్రక్ట్, ఇలా చిన్న ఆదేశాలు. నేర్చుకోవడం ఒక సాయంత్రం పని. డ్రాగన్ అని పలికే డీఆర్‌జీఎన్ మెటాలో పుట్టింది, పైథాన్‌లో రాస్తూ వెతకొచ్చు. లక్ష ఆబ్జెక్టుల్లో తేడాగా ఉన్నది ఏది లాంటి ప్రశ్నలకు దీన్ని మించింది లేదు, రోజూ కెర్నల్ పని చేయనివాళ్లకు మాత్రం బరువు. జీడీబీ ఈఎల్‌ఎఫ్ రూపంలో ఉన్న డంప్‌నే తెరుస్తుంది, మేక్‌డంప్‌ఫైల్ కుదించిన ఫైలును తెరవదు. మొదటిసారి చదివేవాళ్లు క్రాష్‌తో మొదలుపెట్టండి.

మూడింటికీ అదే కెర్నల్ బిల్డ్‌కు చెందిన డీబగ్ సింబల్స్ (మెమరీ అడ్రస్‌లను ఫంక్షన్ పేర్లతో కలిపే సమాచారం) కావాలి. వెర్షన్ నంబర్‌లో చివరి అంకె తేడా ఉన్నా పనికిరాదు. వందల ఎంబీల ప్యాకేజీ అది, కెర్నల్ అప్‌డేట్ అయ్యాక పాతది రిపోజిటరీలో దొరకకపోవచ్చు. క్రాష్ అయిన రోజే దించుకోండి.

## ఎవరికి ఏది

ఊళ్లో ఒక్క సర్వర్, పక్కన టెక్నీషియన్ లేడు అంటే ఈఎఫ్ఐ పీస్టోర్, పానిక్ 30. ఈ రోజే చేయండి, పావుగంట పని. అదే తప్పు రెండోసారి వచ్చి లాగ్‌తో తేలకపోతే అప్పుడు కెడంప్.

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్, డ్రైవర్లు రాసే విద్యార్థులు అంటే వీఎంలలో పని చేయించి హోస్ట్ నుంచి డంప్ తీయండి. పిల్లలు రోజుకు పదిసార్లు పడగొట్టినా ఎవరి బోర్డూ పాడవదు.

డేటాబేస్ సర్వర్, 64 జీబీ పైన, వెండర్ సపోర్ట్ ఉంది అంటే కెడంప్ తప్పదు, వాళ్లు మొదట అడిగేదే వీఎంకోర్. డంప్ లెవెల్ 31 తగ్గించకండి, పంపేముందు మీ మేనేజ్‌మెంట్‌కు ఒక మాట చెప్పండి.

కడప సర్వర్‌కు నేను ఇదే వరసలో వెళ్లాను. రెండోసారి పడ్డాక పీస్టోర్ ఆన్ చేశాను. మూడోసారి పీస్టోర్ చీటీ దొరికింది: జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్, ఫైల్‌సిస్టమ్ ఫంక్షన్‌లో. ఫైల్‌సిస్టమ్ అన్న పేరు చూసి కెర్నల్‌ను పాత వెర్షన్‌కు మార్చి వారం ఎదురుచూశాను. మళ్లీ పడింది, ఈసారి నెట్‌వర్క్ కోడ్‌లో. అప్పుడు కెడంప్ పెట్టాను. ఐదోసారి వచ్చిన వీఎంకోర్‌ను క్రాష్‌లో తెరిచి పడిన ఆబ్జెక్ట్‌ను స్ట్రక్ట్‌తో చూస్తే, చుట్టూ ఉన్న పాయింటర్లన్నీ, అంటే మెమరీ అడ్రస్‌లన్నీ, నాలుగు ఎఫ్‌లతో మొదలవుతున్నాయి. ఒక్కటి మాత్రం మూడు ఎఫ్‌లు, ఒక బి. ఎఫ్‌కూ బికీ తేడా ఒకే ఒక్క బిట్టు. వెనక్కి పోయి మొదటి చీటీ తీస్తే అడ్రస్ అందులోనూ అలాగే ఉంది, నాన్ కెనానికల్ (చెల్లని అడ్రస్) అని కెర్నలే పక్కన రాసి మరీ ఇచ్చింది. నేను ఫంక్షన్ పేరు దగ్గరే ఆగిపోయాను.

ఆ రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపితే తెల్లారేసరికి రెండో ర్యామ్ స్టిక్ ఎర్రగా చూపించింది. స్టిక్ మార్చి, క్యాబినెట్ మీద ఒక కాగితం అంటించి వచ్చాను: "ఇంగ్లీషు వస్తే పది నిమిషాలు స్విచ్ ముట్టుకోవద్దు. ఫోటో తీయండి, ఫ్లాష్ వద్దు."